560068 లోపలి 163

బెంగళూరు మడివాళలో ఉండే తెలుగువాళ్లు తమ సొంత ఊరి పేరు కన్నా ఎక్కువసార్లు రాసే సంఖ్య ఒకటుంది: 560068. పీజీ హాస్టల్‌కి పార్సిల్ తెప్పించుకోవాలన్నా, ఉద్యోగంలో చేరిన రోజు ఫారం నింపాలన్నా, ఆధార్‌లో అడ్రసు మార్పించుకోవాలన్నా ఇది కావాలి. హోసూరు రోడ్డు దగ్గర అక్షరం తప్పు రాసినా పని జరిగిపోతుంది, ఈ ఆరంకెల్లో ఒకటి తప్పితే మాత్రం జరగదు. శుక్రవారం రాత్రి హైదరాబాదు, విజయవాడ, తిరుపతి బస్సుల కోసం రోడ్డు పక్కన బ్యాగులతో నిలబడే కుర్రాళ్లకి ఇది నోటికొచ్చు. నోటికొచ్చినదాన్ని విప్పి చూడాలని ఎవరికీ అనిపించదు. విప్పితే లోపల పద్దెనిమిదో శతాబ్దపు ఆయిలర్, ఎవరూ నమ్మని ఒక జర్మను బడిపంతులు, పై (π) విలువను లక్షల కోట్ల అంకెల దాకా లెక్కగట్టే కంప్యూటర్లు బయటికొస్తాయి.

పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒకే పేరున్న ఊళ్లు ఎన్నో, చిరునామాలు రాసే లిపులు ఎన్నో. ఉత్తరాలు వేరుచేసేవాళ్ల అవస్థ తీర్చడానికి కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వేలంకర్ ఈ పద్ధతి తెచ్చారు. ఆయన సంస్కృత కవి కూడా. ఆరంకెల్లో మొదటిది 5 అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల్లో ఒకటి. మొదటి మూడూ 560 అయితే బెంగళూరు. చివరి 068 పోస్టాఫీసు గుర్తు. తెలుగు నేల నుంచి మడివాళకి వచ్చినవాడికి మొదటి అంకె మారదన్నమాట.

అసలు పిన్‌కోడ్ కొలత కాదు, పేరు. రెండు పిన్‌కోడ్లు కూడితే మూడో ఊరు రాదు. 560068 అనే పోస్టాఫీసు 560034 అనే పోస్టాఫీసు కన్నా 34 ఎక్కువేమీ కాదు. అయితే పేరుగా పెట్టిన సంఖ్య కూడా సంఖ్యే. దానికున్న గుణాలు తపాలా శాఖ ఇచ్చినవి కావు, తీసేయగలిగేవీ కావు.

ముందు పైపైన చూద్దాం. అంకెలన్నీ కూడితే 25, మళ్లీ కూడితే 7. అంటే 560068ని 9తో భాగిస్తే 7 మిగులుతుంది. పదిని తొమ్మిదితో భాగిస్తే మిగిలేది 1, వందని భాగించినా 1, లక్షని భాగించినా 1. కాబట్టి అంకె ఏ స్థానంలో కూర్చున్నా శేషంలో దాని వంతు అంతే ఉంటుంది. హైదరాబాదు 500001లో అంకెల మొత్తం 6, దాన్ని 3 నిశ్శేషంగా భాగిస్తుంది. విశాఖపట్నం 530001లో మొత్తం 9, దాన్ని 9 భాగిస్తుంది. మడివాళకి ఆ రెండు యోగాలూ లేవు.

ఈ తొమ్మిది లెక్క వట్టి వినోదం కాదు. ఎవరైనా తొందరలో చివరి రెండంకెలు తారుమారు చేసి 560086 అని కొట్టారనుకోండి, పార్సిల్ నగరానికి అవతల మహాలక్ష్మిపురం వైపు వెళ్లిపోతుంది. రెండు సంఖ్యల తేడా 18. పక్కపక్క అంకెలు ఏవి తారుమారైనా తేడాని 9 తప్పకుండా భాగిస్తుంది. చిట్టా ఆవర్జాలు రాసిన పాత గుమాస్తాలకి ఇది బాగా తెలుసు. రెండు వైపుల మొత్తాలూ కలవకపోతే ముందు తేడాని 9తో భాగించి చూసేవారు. భాగం పోతే ఎక్కడో అంకెలు అటూ ఇటూ అయ్యాయని అనుమానించేవారు. పిన్‌కోడ్‌లో ఇలాంటి తప్పును పట్టే ఏర్పాటు లేదు. ఆధార్‌లో ఉంది. పన్నెండంకెల్లో చివరిది డచ్చి గణితజ్ఞుడు ఫెర్హూఫ్ 1969లో చూపిన పద్ధతిలో మిగతా పదకొండు నుంచి పుడుతుంది. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు మారినా లెక్క కుదరదు.

ఇంకో ఆట. 560068ని తిరగేసి దానికే కలపండి: 560068 + 860065 = 1420133. మళ్లీ తిరగేసి కలపండి: 1420133 + 3310241 = 4730374. ఎటు నుంచి చదివినా ఒకటే. వికటకవి సంఖ్య రెండే అడుగుల్లో వచ్చేసింది. అన్ని సంఖ్యలూ ఇంత సులువుగా లొంగవు. 89కి ఇరవై నాలుగు అడుగులు పడతాయి. 196ని తిరగేస్తూ కలుపుతూ పోతే వికటకవి ఎప్పటికైనా వస్తుందో రాదో ఈ రోజుకీ ఎవరూ తేల్చలేదు. కంప్యూటర్లు కోట్ల అంకెల దాకా వెళ్లి ఊరుకున్నాయి.

వికటకవి సంఖ్యల మీద మోజు ఈ నేలకి కొత్త కాదు. క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో కన్నడ దేశంలో గణితసార సంగ్రహం రాసిన మహావీరాచార్యుడు వీటిని మెడలో హారాలతో పోల్చాడు. ఆయన లెక్కల్లో 139ని 109తో గుణిస్తే 15151, 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు, 27994681ని 441తో గుణిస్తే 12345654321. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కర్ణాటకలో పుట్టిన లెక్కలు తెలుగులోకి వచ్చి వెయ్యేళ్లవుతోంది.

మల్లన పేరు మీద ఒక పద్యం తెలుగు బడుల్లో చాలాకాలం చలామణీ అయింది. చదరంగం బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గడులకీ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం 18446744073709551615. ఆ ఇరవై అంకెల్ని దాదాపుగా సంకేత పదాలతోనే పద్యంలో ఇమిడ్చాడు. ఆకాశం అంటే 0, వేదం అంటే 4, బాణం అంటే 5. చదవడం ఒకట్ల స్థానం నుంచి మొదలవుతుంది. అదే పద్ధతిలో మన పిన్‌కోడ్‌ని గజ, ఋతు, గగన, ఆకాశ, రస, శర అని రాసుకోవచ్చు. డెలివరీ కుర్రాడికి చెబితే అర్థం కాదు గానీ వేలంకర్ గారు ఉండి ఉంటే నవ్వుకునేవారు. రసమంటే తొమ్మిది కదా అనే సాహిత్య విద్యార్థులకి మనవి: లెక్కల వాళ్లు నాలుక రుచుల్నే లెక్కపెట్టారు, అవి ఆరు.

ఇంతవరకు చెప్పినవన్నీ సంఖ్య తొడుక్కున్న చొక్కా గుణాలు. మనకి పది వేళ్లున్నాయి కాబట్టి పదుల్లో రాస్తున్నాం, అందుకే అంకెల మొత్తం 25 వచ్చింది, వికటకవి వచ్చింది. అదే సంఖ్య మడివాళ ఇంజినీరు పనిచేసే కంప్యూటరు లోపల 10001000101111000100గా ఉంటుంది. అక్కడ అంకెల మొత్తం 8. చొక్కా మార్చగానే మాయమయ్యే గుణాల మీద నాకు పెద్దగా మక్కువ లేదు. న్యూమరాలజీ వ్యాపారమంతా ఈ చొక్కా మీదే నడుస్తోంది. ఎలా రాసినా మారని గుణాలు కొన్నున్నాయి. వాటిని చూడాలంటే సంఖ్యని కోయాలి.

కోయడమంటే ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడం. చివర సరి అంకె ఉంది కాబట్టి 2తో మొదలుపెడితే 280034, మళ్లీ 2తో 140017. ఇక సరి కాదు. అంకెల మొత్తం 13, కాబట్టి 3 పనికిరాదు. చివర 0 గానీ 5 గానీ లేదు, కాబట్టి 5 కూడా కాదు. 7తో భాగిస్తే 3 మిగులుతుంది, 11తో 9, 13తో 7 మిగులుతాయి. 140017 వర్గమూలం 374 దాటి కొంచెం. అక్కడి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 74. వాటిలో ఏదీ భాగించకపోతే 140017 తానే ప్రధాన సంఖ్య అయి ఉండాలి. 41 దగ్గర శేషం 2, 73 దగ్గర 3, 137 దగ్గర మళ్లీ 3. దగ్గర దగ్గరగా వచ్చి తప్పిపోతూ ఉంటుంది. కాగితమ్మీద చేస్తున్నవాడికి ఇది ప్రధాన సంఖ్యేనేమో అన్న నమ్మకం కుదిరే వేళకి ముప్పై ఎనిమిదో ప్రధాన సంఖ్య దగ్గర తాళం తెరుచుకుంటుంది: 140017 = 163 × 859. ఆ రెంటినీ ఇక కోయలేం.

కాబట్టి మడివాళ అంటే 2 × 2 × 163 × 859. ఇది ఏ లిపిలో రాసినా, ఏ ఆధారంతో రాసినా మారదు.

ఆరంకెల సంఖ్యకి అరగంట పట్టింది, సరే. అంకెలు పెరిగేకొద్దీ ఈ పని ఎంత కష్టమవుతుందో మడివాళలో సెక్యూరిటీ విభాగాల్లో పనిచేసే ఏ ఇంజినీరైనా చెబుతాడు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించడం క్షణంలో పని, లబ్ధం నుంచి వాటిని వెనక్కి లాగడం మహా కష్టం. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ ఆ కష్టం మీదే తమ రహస్య లిపిని కట్టారు. 250 అంకెలున్న ఒక సవాలు సంఖ్యని 2020 ఫిబ్రవరిలో విడగొట్టారు. ఆ పనిని ఒకే ఒక ప్రాసెసర్ కోర్ చేసి ఉంటే సుమారు 2700 ఏళ్లు పట్టేది. ఇవాళ బ్యాంకు వెబ్‌సైట్లు వాడేవి 617 అంకెల సంఖ్యలు. విచిత్రమేమిటంటే ఒక సంఖ్య ప్రధానమా కాదా అని చెప్పడం ఇంత కష్టం కాదు. దానికి ఎప్పుడూ తప్పని, త్వరగా ముగిసే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, ఆయన ఇద్దరు శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా చూపించారు. ఇది విడిపోతుంది అని ఖాయంగా తెలిసి, ఎక్కడ విడిపోతుందో తెలియని స్థితి ఉంటుందన్నమాట.

పెద్దదైనంత మాత్రాన సంఖ్య గట్టిదని కాదు. మల్లన చెప్పిన ఇరవై అంకెల సంఖ్య రెండుని 64 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. వర్గంలోంచి ఒకటి తీస్తే అది ఎప్పుడూ రెండు ముక్కలవుతుంది. అందులో ఒక ముక్క మళ్లీ అలాంటిదే, అదీ రెండవుతుంది. అలా కూలిపోతూ 3, 5, 17, 257, 641, 65537, 6700417 దగ్గర ఆగుతుంది. 641 దగ్గర ఫెర్మా అంతటివాడు బోల్తాపడ్డాడు. 641, 6700417ల లబ్ధమైన 4294967297 ప్రధాన సంఖ్యేనని ఆయన ఊహించాడు, 1732లో ఆయిలర్ దాన్ని కోసి చూపించాడు. మడివాళ సంఖ్యని కూడా వర్గాల తేడాగా రాయొచ్చు: 1022 వర్గంలోంచి 696 వర్గం తీసేస్తే సరిగ్గా 560068. ఈ దారి తెలిసి ఉంటే ముప్పై ఎనిమిది భాగహారాల బాధ కొంత తప్పేది, కానీ 1022 ముందే ఎలా తడుతుంది?

కారణాంకాలు చేతిలో ఉంటే మిగతా ప్రశ్నలకి జవాబులు వాటంతటవే వస్తాయి. భాజకాలు పన్నెండు. తనని మినహాయించి మిగిలిన పదకొండూ కూడితే 427212, తన కన్నా తక్కువ, కాబట్టి లోప సంఖ్య. దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? రాయలేం. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా బేసిసార్లు ఉంటే అది కుదరదు. 163, 859 రెండూ ఆ రకమే, రెండూ ఒక్కోసారే ఉన్నాయి. మూడు వర్గాలతో మాత్రం కుదురుతుంది: 738 వర్గం, 120 వర్గం, 32 వర్గం కూడి చూడండి. 1770లో లగ్రాంజ్ నాలుగు వర్గాలు ఏ సంఖ్యకైనా సరిపోతాయని నిరూపించాడు. మడివాళకి నాలుగోది అక్కర్లేకపోయింది.

859 గురించి నాకు చెప్పడానికేమీ లేదు. అది నూట నలభై తొమ్మిదో ప్రధాన సంఖ్య, బుద్ధిమంతుడు. కథంతా 163ది.

41తో మొదలుపెట్టండి. 2 కలిపితే 43. దానికి 4 కలిపితే 47. 6 కలిపితే 53, 8 కలిపితే 61, 10 కలిపితే 71, తర్వాత 83, 97, 113, 131, 151. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇంకా వెళ్లండి. ప్రధాన సంఖ్యల తీరు తెలిసినవాడికి ఈపాటికి అనుమానం రావాలి, ఎందుకంటే అవి ఇంత క్రమంగా ఏ సూత్రానికీ లొంగవు. 1601 దాకా వరుసగా నలభై సంఖ్యలు, ఒక్కటీ తప్పదు. నలభై ఒకటోది 1681, అంటే 41 × 41, అక్కడ ఆగుతుంది. 1772లో ఆయిలర్ లోకానికి చూపిన వింత ఇది. 17తో మొదలుపెట్టి ఇదే ఆట ఆడితే పదహారు ప్రధాన సంఖ్యలు వస్తాయి. 11తో పది, 5తో నాలుగు. మొదలుపెట్టిన సంఖ్య కన్నా సరిగ్గా ఒకటి తక్కువ. 13తో ఆడి చూడండి, రెండో అడుగులోనే 15 వచ్చి చెడిపోతుంది.

ఇప్పుడు ఆ మంచి సంఖ్యల్ని నాలుగింతలు చేసి ఒకటి తీసేయండి. 5 నుంచి 19, 11 నుంచి 43, 17 నుంచి 67, 41 నుంచి 163.

ఈ సంఖ్యలు గౌస్ జాబితాలో ఉన్నాయి. మామూలు సంఖ్యల్లో 6ని కోస్తే 2, 3 తప్ప ఇంకో దారి లేదు. ఆ ఒకే దారి అన్న నమ్మకం మీదే అంకగణితం నిలబడి ఉంది. రుణ సంఖ్యకి వర్గమూలాన్ని కూడా లెక్కలోకి తెచ్చుకుంటే ఆ నమ్మకం చాలాచోట్ల చెడుతుంది. ఉదాహరణకి −5 వర్గమూలాన్ని చేర్చుకుంటే అదే 6 రెండు రకాలుగా విడిపోతుంది. ఒకటి 2 × 3, రెండోది (1 + √−5) × (1 − √−5). గుణించి చూస్తే ఒకటీ అయిదూ కలిసి ఆరే వస్తుంది. ఏ రుణ సంఖ్యల దగ్గర ఈ గందరగోళం ఉండదు? 1801లో గౌస్ అడిగిన ప్రశ్నల్ని నేటి భాషలో చెబితే ఇది వాటిలో ఒకటి. ఆయనకి తొమ్మిది దొరికాయి, రుణ గుర్తు వదిలేసి రాస్తే: 1, 2, 3, 7, 11, 19, 43, 67, 163. పదోది లేదని ఆయన నమ్మాడు, నిరూపించలేదు. ఆయిలర్ ఆటకీ ఈ జాబితాకీ ఉన్న ముడిని 1913లో రాబినోవిచ్ విప్పి చూపించాడు. 163 దగ్గర కారణాంకాలు ఒకే దారిన విడిపోతాయి కాబట్టే 41 నుంచి నలభై ప్రధాన సంఖ్యలు వరుసగా వస్తాయి. ఒకటి నిజమైతే రెండోదీ నిజం.

పదోది ఉందా లేదా అన్నది నూట యాభై ఏళ్లు నలిగింది. 1952లో కుర్ట్ హీగ్నర్ అనే జర్మను బడిపంతులు, రేడియో పనుల్లో అనుభవమున్నవాడు, పదోది లేదని నిరూపణ అచ్చువేయించాడు. విశ్వవిద్యాలయ పదవి లేని మనిషి, రాసిన తీరులో కొంత అస్పష్టత. పెద్దలు ఒక లొసుగు ఉందని పక్కన పెట్టేశారు. 1965లో ఆయన చనిపోయాడు. 1966లో ఇంగ్లండులో అలన్ బేకర్, 1967లో అమెరికాలో హెరాల్డ్ స్టార్క్ వేర్వేరు దారుల్లో పదోది లేదని స్థాపించారు. తర్వాత స్టార్క్ హీగ్నర్ పాత వ్యాసాన్ని పట్టి చదివితే ఆయన నిరూపణ సారాంశంలో సరైనదే, లొసుగన్నది సులువుగా పూడేదే అని తేలింది. ఇవాళ ఆ తొమ్మిదింటినీ హీగ్నర్ సంఖ్యలంటారు. చనిపోయాక దక్కిన గౌరవం మన వాళ్లకీ అలవాటైనదే కాబట్టి దీని మీద ఎక్కువ చెప్పను. ఆ తొమ్మిదింటిలో అతి పెద్దది, చిట్టచివరిది 163.

చివరిది కావడం వల్ల దానికి ఒక వింత బలం వచ్చింది. సహజ లాగరిథంల ఆధారమైన ఇ అనే సంఖ్యని (2.718...) పై రెట్లు 163 వర్గమూలం అనే ఘాతానికి ఎత్తండి. ఇ పూర్ణసంఖ్య కాదు, పై కాదు, 163 వర్గమూలం కాదు. మూడూ దశాంశాల్లో అంతులేకుండా సాగేవే. ఫలితం కూడా అలాగే చిందరవందరగా ఉండాలి కదా. వచ్చేది 262537412640768743, ఆ పైన దశాంశ బిందువు, తర్వాత వరసగా పన్నెండు తొమ్మిదులు, అప్పుడు 25. పూర్ణసంఖ్య 262537412640768744కి వెంట్రుకవాసిలో ఆగిపోయింది. మన లెక్కలో సుమారు 2625 కోటి కోట్లు, ఆ పరిమాణంలో తేడా లక్ష కోట్లలో ఒక వంతు కూడా లేదు.

ఆఫీసు కంప్యూటర్లో మామూలు దశాంశ లెక్కతో దీన్ని చూద్దామనుకుంటే కనిపించదు. సాధారణ 64 బిట్ల దశాంశ సంఖ్యలకి పదిహేను, పదహారు అంకెల దాకానే పట్టు ఉంటుంది. ఇంత పెద్ద సంఖ్యల దగ్గర పక్కపక్కన రాయగలిగే రెండు విలువల మధ్య దూరమే 32. ఎక్కువ అంకెలు మోసే ప్రత్యేక సాఫ్ట్‌వేరు కావాలి. 1859లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎర్మిత్ ఇలాంటి దగ్గరితనాన్ని చేతి లెక్కలతోనే గుర్తించాడన్నది తల్చుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. 1859లో చివరి మూడంకెలు 859 కదా, మడివాళ రెండో కారణాంకం కదా అని న్యూమరాలజీ వాళ్లు ఉబ్బిపోవచ్చు. నేను ఉబ్బను.

1975 ఏప్రిల్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ ఈ సంఖ్య కచ్చితంగా పూర్ణసంఖ్యేనని తేలిందనీ, రామానుజన్ ఎప్పుడో ఊహించాడనీ రాశాడు. అది ఏప్రిల్ ఫూల్ పరిహాసం. అయినా రామానుజన్ స్థిరాంకం అన్న పేరు దానికి అంటుకుపోయింది. రామానుజన్ 1914 వ్యాసంలో ఇలాంటి దగ్గరి సంఖ్యలున్న మాట నిజం. అక్కడ 22, 37, 58 వర్గమూలాలున్నాయి, 163 లేదు. అసలు ఇది పూర్ణసంఖ్య కావడానికి వీల్లేదని 1934 నాటికే ఖాయమైంది. ఆ ఏడాది గెల్‌ఫొండ్, ష్నైడర్ విడివిడిగా నిరూపించిన సిద్ధాంతం ప్రకారం ఈ సంఖ్య ఏ బీజగణిత సమీకరణానికీ మూలం కాదు. పన్నెండు తొమ్మిదుల తర్వాత 25 రాక తప్పదు.

మరి ఇంత దగ్గరికి ఎందుకొచ్చింది? 163 హీగ్నర్ సంఖ్య కావడం వల్ల ఒక ప్రసిద్ధ ప్రమేయం విలువ అక్కడ కచ్చితంగా పూర్ణసంఖ్య అవుతుంది. గుర్తు వదిలేస్తే అది 640320 ఘనం. చూడ్డానికి అదీ పిన్‌కోడ్ లాగే ఉంటుంది. ఆ ఘనానికి 744 కలిపితే పైన చెప్పిన 262537412640768744 వస్తుంది. మిగిలిన తేడా ఎంతంటే 196884ని ఈ పద్దెనిమిదంకెల సంఖ్యతో భాగిస్తే వచ్చేంత. అందుకే అంత చిన్నది. 67తో, 43తో చేసినా పూర్ణసంఖ్యకి దగ్గరే వస్తుంది గానీ భాగించే సంఖ్య చిన్నది కాబట్టి తేడా పెద్దది. 163 పెద్దది కాబట్టే గెలిచింది. ఈ 196884 కథ వేరే వ్యాసానికి సరిపోతుంది. 1978లో జాన్ మెక్కే అది 196883 కన్నా ఒకటి ఎక్కువని చూశాడు. ఆ 196883 రాక్షస సమూహమనే బ్రహ్మాండమైన బీజగణిత నిర్మాణానికి చెందినది. రెండూ ఎక్కడెక్కడివో, ఒకటి తేడాతో పక్కపక్కన కూర్చోవడం ఏమిటో అని గణితజ్ఞులు చాలా ఏళ్లు తలపట్టుకున్నారు.

640320కి ఉద్యోగం కూడా ఉంది. రామానుజన్ 1914లో ఇచ్చిన పై సూత్రాల దారిలోనే చుద్నోవ్‌స్కీ సోదరులు 1988లో ఇంకో సూత్రం కట్టారు. దాని గుండెలో ఉన్నది 640320. ఒక్కో పదం కలిపినప్పుడల్లా పై విలువలో మరో పద్నాలుగు అంకెలు సరిగ్గా వస్తాయి. గూగుల్‌లో ఎమ్మా హరుకా ఇవావో 2019లో 31.4 లక్షల కోట్ల అంకెలు, 2022లో 100 లక్షల కోట్ల అంకెలు లెక్కించింది ఈ సూత్రంతోనే.

వాహనాల నంబర్లనూ చిరునామాలనూ ఇలా విప్పి చూసే అలవాటుకి రామానుజన్ ట్యాక్సీ 1729 ఒక్కటే ఉదాహరణ అనుకుంటాం. బెంగళూరుకి దగ్గరలోనే ఇంకొకరున్నారు. మండ్యలో 1933లో పుట్టిన కె. రామచంద్ర విద్యార్థిగా ఉన్నప్పుడు కాలేజీ డైరెక్టరు గారి కారు నంబరు 3430 మీద మనసుపడ్డారని చెబుతారు. దాని చుట్టుపక్కలంతా గాలించి 3435 దగ్గర ఆగారట: 3ని మూడుసార్లు, 4ని నాలుగుసార్లు, 3ని మూడుసార్లు, 5ని అయిదుసార్లు గుణించి కూడితే 27 + 256 + 27 + 3125, సరిగ్గా 3435. నా లెక్కలో ఇదీ చొక్కా గుణమే. కానీ అక్కడ మొదలైన మనిషి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1964లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో రుణ సంఖ్యల వర్గమూలాల క్షేత్రాల మీదే, అంటే 163 నివసించే వీధిలోనే, పేరు నిలిచిపోయే పని చేశారు. చివరి ఏళ్లు బెంగళూరులో గడిపి 2011లో కన్నుమూశారు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. మడివాళకి 163 దక్కడంలో మహిమేమీ లేదు. ప్రతి 163 సంఖ్యల్లో ఒకదాన్ని 163 భాగిస్తుంది, ఎవరో ఒకరికి దక్కాల్సిందే. 559905 తర్వాత 560068, ఆ తర్వాత 560231. అంటే 560001 నుంచి 560230 దాకా ఉన్న అన్నింట్లో ఆ వంతు మడివాళకొచ్చింది, కోరమంగళకి రాలేదు. హైదరాబాదులో ఎవరికొచ్చిందా అని చూశాను. 500001 నుంచి 500246 దాకా ఒక్కటే ఉంది, 500084. అది కొండాపూర్ పిన్‌కోడ్. 2 × 2 × 13 × 59 × 163.